టీవీ చూసేవాళ్లు తగ్గారా, లెక్కపెట్టే తీరు మారిందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "టీవీ పనైపోయిందని ఒక వార్త చదివాను. చరిత్రలోనే ఎక్కువ మంది చూసిన ప్రసారం ఇదేనని ఇంకో వార్త చదివాను. ఏది నమ్మాలి? అసలు అప్పటి ప్రేక్షకుడికీ ఇప్పటి ప్రేక్షకుడికీ తేడా ఏమిటి? మా ఇంట్లో నలుగురం, నాలుగు తెరలు. మమ్మల్ని ఇంకా టీవీ ప్రేక్షకులనే అంటారా?"

రెండు వార్తలూ నిజమే కావచ్చు. ఎందుకంటే "చూశారు" అనే మాట రెండు చోట్లా ఒకటే అయినా, దాని వెనక లెక్క ఒకటి కాదు. జనం అలవాట్లు మారాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ మార్పు మన కంటికి కనిపించింది లెక్కపెట్టే పనిముట్టు మారినప్పుడల్లా. ఏది అలవాటులో వచ్చిన మార్పు, ఏది పనిముట్టు తెచ్చిన మార్పు అన్నది విడదీసి చూడకపోతే మీకు వచ్చిన అయోమయమే అందరికీ వస్తుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ లెక్కల పనిలోనే ఉన్నాను. మొదట ఇంటింటికీ తిరిగి డైరీలు పంచి, వారం తర్వాత వాటిని వసూలు చేసుకొచ్చేవాణ్ణి. తర్వాత టీవీలో ఏ చానల్ నడుస్తోందో నమోదు చేసే మీటర్లు బిగించాను. ఆపైన కుర్చీకి అతుక్కుని ఆ మీటర్లు పంపిన అంకెలు చూసే పనిలో పడ్డాను. డైరీ అంటే వారం రోజుల పుస్తకం. పావుగంటకో గడి. ఏ పావుగంటలో ఏ చానల్ చూశారో ఇంట్లో ఒక్కొక్కరూ టిక్కు పెట్టాలి. ఒకింట్లో తీసుకున్న డైరీ నాకు ఇప్పటికీ గుర్తు. ఏడు రోజులూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే సిరా. నేను వస్తున్నానని తెలిసి పొద్దున్నే కూర్చుని నింపేశారన్నమాట. అది మామూలే. కానీ గురువారం రాత్రి ఒక సీరియల్‌కి ఇంటిల్లిపాది పేర్ల కిందా టిక్కులున్నాయి. ఆ గురువారం క్రికెట్ మ్యాచ్ సాగిపోయి, ఆ సీరియల్ వెయ్యనేలేదు. ఆ మాటే అంటే ఆవిడ నా వంక చూసి, "మేం రోజూ చూస్తాం బాబూ, ఆ రోజు వాళ్లు వెయ్యకపోతే మా తప్పా?" అంది.

ఆవిడ అబద్ధం ఆడలేదు. చూసింది రాయమంటే తన అలవాటు రాసింది. డైరీల కాలం నాటి ప్రేక్షకుల అంకెలన్నిటిలోనూ ఈ గురువారం టిక్కు కొంత కలిసే ఉంటుంది. బాగా పేరున్న కార్యక్రమానికి చూడకపోయినా టిక్కు పడేది. ఊరూ పేరూ లేని చానల్‌ని అరగంట చూసినా గుర్తుండేది కాదు. కేబుల్ వచ్చి చానళ్లు పెరిగాక డైరీ చేతులెత్తేసింది అందుకే.

ఇక మొదటి నుంచీ చూద్దాం. టీవీ తొలి రోజుల్లో సెట్టుకీ మనిషికీ పొంతనే లేదు. జపాన్‌లో 1953లో ప్రైవేటు ప్రసారాలు మొదలైనప్పుడు సెట్టు కొనగలిగే ఇళ్లు చాలా తక్కువ. అందుకని నిప్పన్ టీవీ వాళ్లు రైల్వే స్టేషన్ల ముందూ కూడళ్లలోనూ సెట్లు పెట్టించారు. 1954లో రికిడోజాన్ అనే మల్లయోధుడి పోటీలు చూడ్డానికి ఒక్కో సెట్టు ముందు వేలాది మంది నిలబడ్డారు. బ్రిటన్‌లో 1953 జూన్ 2న రాణి పట్టాభిషేకం నాటికి దేశం మొత్తమ్మీద ఉన్న సెట్లు సుమారు 27 లక్షలు. చూసినవాళ్లు 2 కోట్లకు పైమాటే. అంటే సెట్టుకి ఏడెనిమిది మంది. సగం మంది చూసింది పక్కింట్లోనో, సత్రంలోనో, సినిమా హాల్లోనో. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన సైట్ ప్రయోగంలో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా ప్రసారం చేశారు. ఊరికి ఒక్క సెట్టు. ఊరంతా దాని ముందే.

ఇక్కడ ఒక మాట. ఇప్పుడు "ప్రేక్షకులు చీలిపోయారు, ఎవరి గదిలో వాళ్లు" అని బాధపడేవాళ్లు ఒకప్పుడు కుటుంబమంతా ఒకే టీవీ ముందు కూర్చునేదని చెబుతారు. అంతకుముందు వాడకట్టంతా కూర్చునేది. కుటుంబం తన సెట్టు తాను కొనుక్కుని తలుపేసుకున్న రోజే మొదటి చీలిక జరిగింది. దాన్ని అప్పట్లో ఎవరూ చీలిక అనలేదు, సొంత టీవీ వచ్చిందని సంతోషించారు. అమెరికాలో 1950లో పదిళ్లలో ఒక ఇంట కూడా టీవీ లేదు. 1960కల్లా దాదాపు తొమ్మిదిళ్లలో ఉంది. పదేళ్లలో ఇంత వేగంగా ఇళ్లలోకి వచ్చిన వస్తువులు అరుదు.

ఆ కాలపు ప్రేక్షకుడి అసలు లక్షణం వేరే ఉంది. గడియారం అతని చేతిలో లేదు. ఎప్పుడు చూడాలో ప్రసారం చేసేవాళ్లే చెప్పేవాళ్లు, ఎప్పుడు చూడకూడదో కూడా. బ్రిటన్‌లో 1957 దాకా సాయంత్రం 6 నుంచి 7 వరకు తెర నల్లగా ఉండేది. పిల్లల కార్యక్రమాలు అయిపోయాయి, ఇక వాళ్లని పడుకోబెట్టండి అని తల్లిదండ్రులకు ఇచ్చిన గంట అది. ఐస్‌లాండ్ అయితే 1987 దాకా గురువారాలు టీవీ ప్రసారాలే వెయ్యలేదు. 1983 వరకు జులై నెల మొత్తం సెలవే. ఇప్పటి పిల్లలకు చెబితే కథనుకుంటారు.

అందరూ ఒకే గంటలో ఒకే పని చేస్తే ఎలా ఉంటుందో కరెంటు మీటరు చూపించింది. బ్రిటన్ విద్యుత్ గ్రిడ్‌లో దీన్ని "టీవీ పికప్" అంటారు. బాగా జనం చూసే కార్యక్రమం అయిపోగానే లక్షల ఇళ్లలో ఒక్కసారిగా టీ కెటిల్ స్విచ్చులూ గది దీపాలూ పడతాయి. 1990 జులై 4న ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయిన మరుక్షణం గిరాకీ 2,800 మెగావాట్లు ఎగిసింది. గ్రిడ్ నడిపేవాళ్లు టీవీ కార్యక్రమాల పట్టిక దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లు. నన్నడిగితే ప్రేక్షకులను కొలిచిన పనిముట్లలో నాకు బాగా నచ్చింది ఇదే. కెటిల్ అబద్ధం ఆడదు, మొహమాటపడదు. కానీ ఎవరు చూశారో చెప్పదు.

ఎవరు చూశారన్నదే ప్రకటనల డబ్బులున్న ప్రశ్న. అమెరికాలో ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ కంపెనీ 1930ల్లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యులు ఇద్దరు చేసిన ఆడిమీటర్ అనే యంత్రాన్ని కొనుక్కుంది. మొదట రేడియోకి, 1950 నుంచి టీవీకి వాడింది. సెట్టు ఎప్పుడు వేశారు, ఏ స్టేషన్ పెట్టారు అన్నది అది నమోదు చేసేది. మనిషి సంగతి దానికి తెలీదు. మనుషుల కోసం వేరే ఇళ్లలో డైరీలు. ఈ రెంటినీ కలిపి వండిన లెక్కతోనే దాదాపు నలభై ఏళ్లు గడిచాయి.

రేటింగ్, షేర్ అనే రెండు మాటలు ఇక్కడే తెలుసుకోవాలి, ముందు ముందు పనికొస్తాయి. టీవీ ఉన్న ఇళ్లు వంద అనుకోండి. రాత్రి తొమ్మిదింటికి 60 ఇళ్లలో టీవీ నడుస్తోంది. అందులో 15 ఇళ్లు ఒక చానల్ మీదున్నాయి. ఆ చానల్ రేటింగ్ 15, అంటే వందలో పదిహేను. షేర్ 25, అంటే నడుస్తున్న అరవైలో పావు వంతు. రాత్రి ఒంటిగంటకు నాలుగిళ్లలోనే టీవీ నడుస్తూ అందులో రెండు మీ చానలే చూస్తుంటే, మీ రేటింగ్ 2, షేర్ 50. ప్రకటనల్లో "సగం మంది మమ్మల్నే చూస్తున్నారు" అని ఎవరైనా గొప్పలు పోతే ఆ సగం దేనిలో సగమో చూసుకోండి.

ఇప్పుడు మీ రెండో వార్త సంగతి. 1983 ఫిబ్రవరి 28న అమెరికాలో మ్యాష్ సీరియల్ ఆఖరి భాగాన్ని సుమారు 10.6 కోట్ల మంది చూశారు. ఆ రికార్డు 27 ఏళ్లు నిలిచి, 2010లో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ చేతిలో కొద్ది తేడాతో పోయింది. పత్రికలన్నీ "సరికొత్త రికార్డు" అని రాశాయి. నిజమే, తలలు లెక్కపెడితే. కానీ మ్యాష్ రేటింగ్ 60.2. ఆ సూపర్ బౌల్ రేటింగ్ 45. ఈ మధ్యలో దేశ జనాభా ఏడు కోట్లకు పైగా పెరిగింది. మొదటిది ప్రతి పదిళ్లలో ఆరింటిని కూర్చోబెట్టింది, రెండోది నాలుగున్నర ఇళ్లనే. ఇంకా వెనక్కి పోతే 1953 జనవరి 19న ఐ లవ్ లూసీ సీరియల్‌లో కథానాయికకు బిడ్డ పుట్టిన భాగం టీవీ ఉన్న ఇళ్లలో 71.7 శాతం చూశాయి. చూసినవాళ్లు 4.4 కోట్లే. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా చేసిన ప్రమాణ స్వీకారానికి ఆమాత్రం జనం కూడా రాలేదు.

అసలు ఆ రోజుల్లో జనం అంతగా ఎందుకు చూశారు? అమెరికా చానల్ ఎన్‌బీసీలో ప్రేక్షకుల పరిశోధన చూసిన పాల్ క్లైన్ దీనికి చాలా కటువైన జవాబు చెప్పాడు. జనం కార్యక్రమాన్ని చూడరు, టీవీని చూస్తారు అన్నాడు. ముందు టీవీ వేస్తారు. ఆ తర్వాత ఉన్నవాటిలో ఏది తక్కువ చిరాకు పెడితే దాని దగ్గర ఆగుతారు. కాబట్టి గొప్ప కార్యక్రమం తీయక్కర్లేదు, ఎవరూ లేచి వెళ్లిపోకుండా ఉంటే చాలు. వినడానికి అవమానంగా ఉంటుంది. కానీ నేను చూసిన మీటర్ డేటాలో ఇది ఎన్నిసార్లు రుజువైందో చెప్పలేను. రాత్రి ఎనిమిదిన్నరకు మంచి కార్యక్రమం ఉన్న చానల్‌కి తొమ్మిదింటికి పస లేని కార్యక్రమం ఉన్నా మొదటి పది నిమిషాలు అంకెలు అలాగే ఉండేవి. లేచి వెళ్లి నాబ్ తిప్పడానికి బద్ధకం.

ఆ బద్ధకాన్ని మింగేసింది రిమోట్. జెనిత్ కంపెనీ 1955లో ఫ్లాష్‌మేటిక్ అని కాంతితో పనిచేసే రిమోట్ తెచ్చింది. కిటికీలోంచి ఎండ పడితే చానల్ దానంతటదే మారిపోయేది. మరుసటి ఏడు రాబర్ట్ అడ్లర్ చేసిన స్పేస్ కమాండ్ వచ్చింది. అందులో బ్యాటరీ లేదు. మీట నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, మన చెవికి వినపడని ఆ శబ్దాన్ని టీవీ వినేది. అయితే నాలుగైదు చానళ్లున్నప్పుడు రిమోట్ వల్ల ఒరిగేదేమీ లేదు. 1980ల్లో కేబుల్ వచ్చి ముప్ఫై నలభై చానళ్లయ్యాకే దాని బలం తెలిసింది. ప్రకటన రాగానే పారిపోవడం, రెండు కార్యక్రమాలు ఒకేసారి చూడటం, ఏదీ పూర్తిగా చూడకపోవడం అన్నీ అప్పుడే అలవాటయ్యాయి. ఫోన్ వచ్చాక మనుషుల ఓపిక పోయిందంటారు గానీ, రిమోట్‌తోనే అది సగం పోయింది.

రిమోట్ ఎవరి చేతిలో ఉంది అన్నది ఇంకో కథ. డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు 1980ల మధ్యలో దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలతో కూర్చుని మాట్లాడాడు. చాలా ఇళ్లలో రిమోట్ తండ్రి కుర్చీ చేతి మీదే ఉండేది. మగవాళ్లు ముందే అనుకుని, మాట్లాడకుండా, కన్నార్పకుండా చూస్తామని చెప్పారు. ఆడవాళ్లకు టీవీ చూడటమంటే బట్టలు ఇస్త్రీ చేస్తూనో కబుర్లు చెప్పుకుంటూనో చూడటం. ఊరికే కూర్చుని చూస్తే ఏదో తప్పు చేస్తున్నట్టుంటుందని కొందరు అన్నారు. ఈ తేడాకు కారణం ఆడామగా స్వభావం కాదని మోర్లీ గట్టిగానే చెప్పాడు. మగవాడికి ఇల్లు పని అయిపోయాక వచ్చే చోటు, ఆడవాళ్లకు పని జరిగే చోటే ఇల్లు. ఒకే గదిలో ఒకే టీవీ ముందున్న ఇద్దరూ మా లెక్కలో చెరొక ప్రేక్షకులు. కానీ వాళ్లు చేస్తున్న పని ఒకటేనా?

వీడియో రికార్డర్ గడియారాన్ని బద్దలుకొట్టింది. సోనీ బీటామ్యాక్స్ 1975లో, వీహెచ్‌ఎస్ 1976లో వచ్చాయి. ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూడటం దొంగతనమని స్టూడియోలు కోర్టుకెక్కితే, 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదని తేల్చింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇవాళ్టి అలవాట్ల చరిత్ర వేరేలా ఉండేదేమో. మాకు మాత్రం తలనొప్పి. రికార్డు చేసినదాన్ని చూసినట్టు రాయాలా? జనం రికార్డు చేసినవాటిలో చాలా భాగం ఎప్పటికీ చూడరు. క్యాసెట్ మీద పేరు రాసి బీరువాలో పెట్టుకోవడమే తృప్తి. ఇప్పటి "తర్వాత చూద్దాం" జాబితాలు కూడా అదే బీరువా.

1987లో అమెరికాలో పీపుల్ మీటర్ వచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు అది భూకంపం. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక బటన్. టీవీ ముందుకు రాగానే నొక్కాలి, లేచేటప్పుడు మళ్లీ నొక్కాలి. దేశం మొత్తం లెక్కలో డైరీలు పోయాయి. డైరీలతో పాటు గురువారం టిక్కులూ పోయాయి. దేశమంతా ప్రసారం చేసే మూడు పెద్ద నెట్‌వర్కుల అంకెలు తగ్గాయి. నిన్న చూసిన జనం ఇవాళ ఎక్కడికీ పోలేదు, పనిముట్టు మారిందంతే. నెట్‌వర్కులు మీటర్‌ను తిట్టాయి. ముఖ్యంగా పిల్లల కార్యక్రమాల అంకెలు పడిపోయినప్పుడు పిల్లలు చూడటం మానారా, బటన్ నొక్కడం మానారా అని పెద్ద గొడవే జరిగింది.

బటన్ నొక్కడం ఎంత కష్టమో మీటర్లు పెట్టిన నాకు తెలుసు. మొదటి నెల అందరూ శ్రద్ధగా నొక్కుతారు. మూడో నెలకు చిన్నపిల్లవాడు వచ్చి ఇంటిల్లిపాది బటన్లూ నొక్కి పోతాడు, అది వాడికి ఆట. ఒకింట్లో పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆ ఇంటి డేటా చూసి మా వాళ్లకు అనుమానం వచ్చింది. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఒకే చానల్, బటన్ ఎప్పుడూ నొక్కే ఉంది. మీటర్ పాడైందేమో చూసి రమ్మని నన్ను పంపారు. మీటర్ బాగానే ఉంది. ఆవిడ వెనకవైపు గదిలో ఏదో కుట్టుకుంటోంది. హాల్లో టీవీ దానికదే మోగుతోంది. "చూడ్డానికి కాదు నాయనా, ఇంట్లో మనిషి మాట వినపడాలిగా" అంది. నియమం ప్రకారం ఆవిడ గదిలో లేదు కాబట్టి ఆ పదిహేడు గంటలూ చూసినట్టు కాదు. కానీ ఆ ఊళ్లో ఆ చానల్ అవసరం ఆవిడకున్నంత ఇంకెవరికైనా ఉందా అని నాకు అనిపించింది. నివేదికలో మాత్రం "మీటర్ సరిగా ఉంది, సభ్యురాలికి బటన్ వాడకం మళ్లీ వివరించాను" అని రాశాను.

ఇది కొత్త సంగతీ కాదు. 1960ల్లోనే అమెరికాలో ఇళ్లలో కెమెరా పెట్టి చూసిన పరిశోధకుడికి ఖాళీ గదుల్లో మోగుతున్న టీవీలు బోలెడు కనిపించాయి. 1980ల్లో బ్రిటన్‌లో పీటర్ కాలెట్ అనే పరిశోధకుడు టీవీలోనే కెమెరా అమర్చి చూస్తే, తెర ముందు జనం నిద్రపోతూ, పోట్లాడుకుంటూ, పేపరు చదువుతూ కనిపించారు. "ఒకప్పుడు జనం ఏకాగ్రతతో టీవీ చూసేవాళ్లు, ఇప్పుడు చేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తున్నారు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ కెమెరాలే గుర్తొస్తాయి. ఫోన్ లేని రోజుల్లో ఆ చేతిలో పేపరు ఉండేది.

తర్వాత కథ మీకు తెలిసిందే కాబట్టి వేగంగా చెప్పేస్తాను. 1999లో హార్డ్ డిస్క్ మీద రికార్డు చేసే పెట్టెలు వచ్చి ప్రకటనలు దాటేయడం తేలికైంది. 2007 నుంచి అమెరికాలో ప్రకటనల ధరకు సీ3 అనే లెక్క పెట్టారు, అంటే ప్రసారమైన మూడు రోజుల్లోపు ఎంతమంది ప్రకటనల్ని చూశారన్నది. కార్యక్రమాలకు ఏడు రోజుల లెక్కా వాడుకలోకి వచ్చింది. ఒకే భాగానికి ఆ రాత్రి అంకె ఒకటి, వారం తర్వాత అంకె ఇంకొకటి. 2007లోనే నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలైంది, ఆ ఏడాది చివర్లో బీబీసీ ఐప్లేయర్ వచ్చింది. 2013 ఫిబ్రవరి 1న హౌస్ ఆఫ్ కార్డ్స్ మొదటి సీజన్ 13 భాగాలూ ఒకేసారి విడుదల చేశారు. వారానికోసారి అనే గడువు పోయింది.

స్ట్రీమింగ్‌తో లెక్క మారడమే కాదు, లెక్క పుస్తకం కూడా చేతులు మారింది. ఇదివరకు చానళ్లూ ప్రకటనకర్తలూ కలిసి ఒప్పుకున్న మూడో మనిషి కొలిచేవాడు. ఇప్పుడు దుకాణం వాడే తన తూకం తాను వేసుకుని అంకె చెబుతున్నాడు. నెట్‌ఫ్లిక్స్ సంగతే చూడండి. మొదట ఒక సినిమా లేదా భాగంలో 70 శాతం చూస్తేనే చూసినట్టు లెక్క. 2020 మొదట్లో రెండు నిమిషాలు చూస్తే చాలన్నారు. ఈ కొత్త లెక్క పాతదానికంటే సగటున 35 శాతం ఎక్కువ చూపిస్తుందని ఆ కంపెనీయే వాటాదార్లకు రాసింది. 2021లో గంటలు చెప్పడం మొదలుపెట్టారు. 2023లో ఆ గంటల్ని కార్యక్రమం నిడివితో భాగించి దాన్ని "వ్యూ" అన్నారు. ఒకే పేరుతో నాలుగు తూకాలు. 2019 అంకెను 2024 అంకె పక్కన పెట్టి పెరిగిందీ తగ్గిందీ అని రాసే వ్యాసాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. కొంత మేలు ఏమిటంటే 2022 చివర్లో నెట్‌ఫ్లిక్స్ బ్రిటన్‌లోని బార్బ్ కొలతలోకి వచ్చింది. ఆ దేశంలో చానళ్లన్నిటినీ 1981 నుంచి కొలుస్తున్న సంస్థ అది.

మరి జనం టీవీ చూడటం తగ్గించారా? బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ లెక్క ప్రకారం 2024లో అక్కడి మనిషి ఇంట్లో రోజుకు సగటున 4 గంటల 30 నిమిషాలు వీడియో చూశాడు. ఇది తక్కువేమీ కాదు. తగ్గింది మామూలు చానళ్ల వాటా. అందులో 39 నిమిషాలు యూట్యూబ్‌దే. బీబీసీ తర్వాత రెండో స్థానం దానిదే. అమెరికాలో నీల్సన్ నెలనెలా టీవీ సెట్టు మీద ఏం నడుస్తోందో చెబుతుంది. 2022 జులైలో స్ట్రీమింగ్ మొదటిసారి కేబుల్‌ను దాటింది. 2025 మేలో 44.8 శాతంతో కేబుల్, మామూలు ప్రసారాలు రెండింటి మొత్తాన్నీ దాటింది. గమనించండి, ఇది టీవీ సెట్టు మీద లెక్క. ఫోన్లలో చూసింది ఇందులో లేదు. అంటే గోడకున్న పెద్ద తెర ఎక్కడికీ పోలేదు. దానిలోకి వచ్చే దారి మారింది. మీరు చదివిన "టీవీ పనైపోయింది" వార్త రాసినవాళ్లు చానల్‌ని టీవీ అనుకున్నారు, అంతే.

పిల్లలూ కుర్రాళ్లూ టీవీ వదిలేశారన్న మాటలో కొంతే నిజం. అదే ఆఫ్‌కామ్ లెక్కలో 4 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు టీవీ వెయ్యగానే నేరుగా యూట్యూబ్‌కే వెళ్తున్నారు. వాళ్లు వేస్తున్నది టీవీనే. ఇంకో ఆశ్చర్యం, 55 దాటినవాళ్లు టీవీ తెర మీద యూట్యూబ్ చూసే సమయం రెండేళ్లలో 6 నిమిషాల నుంచి 11 నిమిషాలకు పెరిగింది. కొత్త అలవాట్లన్నీ కుర్రాళ్లవే, పెద్దవాళ్లు ఎప్పటికీ మారరు అనుకునే ప్రకటనల ఏజెన్సీల వాళ్లతో నేను చాలాసార్లు వాదించాను.

నాకు ఈ మార్పుల్లో అన్నిటికంటే వింతగా అనిపించేది వేరే ఉంది. గడియారం ప్రేక్షకుడి చేతికొచ్చింది. కావలసింది ఎంచుకుని చూసే స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛతో జనం ఏం చేస్తున్నారు? రిమోట్ పట్టుకుని ఇరవై నిమిషాలు పోస్టర్లు తిప్పి, చివరికి ఇదివరకు చూసిందే మళ్లీ పెడుతున్నారు. లేదా ఒక భాగం అవగానే తర్వాతిది దానంతటదే మొదలైతే ఆపకుండా వదిలేస్తున్నారు. ఒక కార్యక్రమం, ప్రకటన, ఇంకో కార్యక్రమం అన్నీ కలిసి సాగిపోయే టీవీ తీరును బ్రిటన్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో "ప్రవాహం" అన్నాడు. ఆ ప్రవాహాన్ని ఇప్పుడు ఆటోప్లే పోస్తోంది. పాల్ క్లైన్ బతికొచ్చి చూస్తే ఏమీ మారలేదనేవాడు. ముందు టీవీ వేస్తారు, తర్వాత చిరాకు పెట్టనిది దొరికేదాకా తిప్పుతారు. ఏమీ ఎంచుకోనక్కర్లేకుండా పాత సీరియల్ ఒకటే ఇరవై నాలుగ్గంటలూ నడిపే ఉచిత ఇంటర్నెట్ చానళ్లు ఇప్పుడు పెరుగుతున్నాయంటే అందులో వింతేముంది?

అందరినీ ఒకే నిమిషంలో కూర్చోబెట్టగలిగేది ఇప్పుడు ఆటలే, ముఖ్యంగా ఫైనళ్లు. ఫలితం ముందే తెలిసిపోతే చూడటంలో రుచి ఉండదు గనక వాటిని దాచుకుని చూడరు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌ని 12.77 కోట్ల మంది చూశారని వచ్చిన వార్తే బహుశా మీరు చదివినది. అది పెద్ద అంకే, కాదనను. కానీ అందులో బార్లలోనూ హోటళ్లలోనూ పక్కింట్లోనూ చూసినవాళ్లు కలిసి ఉన్నారు. ఇంటి బయట చూసేవాళ్లను నీల్సన్ జాతీయ అంకెలో కలపడం 2020లో మొదలుపెట్టి, 2025లో దాదాపు దేశం మొత్తానికీ విస్తరించింది. 1983లో మ్యాష్ చూడ్డానికి బార్లో కూర్చున్నవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక మీ ఇంటి నాలుగు తెరల సంగతి. మీరు నలుగురూ టీవీ ప్రేక్షకులే, మిమ్మల్ని లెక్కపెట్టడమే మా తరం కావడం లేదు. బ్రిటన్‌లో ప్యానెల్ ఇళ్లలో, అంటే లెక్క కోసం ఎంచుకున్న ఇళ్లలో, కొన్నేళ్లుగా వై-ఫై రూటర్‌కే మీటర్ తగిలిస్తున్నారు. ఇంట్లో ఏ ఫోన్ ఏ సేవ నుంచి ఎంతసేపు వీడియో లాగుతోందో అది పట్టేస్తుంది. ఎవరూ బటన్ నొక్కనక్కర్లేదు. బటన్ లేదు కాబట్టి ఆ ఫోన్ ముందు ఎవరున్నారో దానికి తెలీదు, సొంతదారే చూశాడనుకుంటుంది. మీ చిన్నవాడు మీ ఫోన్ లాక్కుని రాత్రి రెండు గంటలు కార్టూన్లు చూస్తే, మర్నాడు మా పట్టికలో ఆ రెండు గంటలూ మీ వయసు వరసలోనే పడతాయి.